హిప్పో గడ్డే తింటుంది, నిజమే. ఆ గడ్డి మీ టెంట్ పక్కనే ఉంటుంది

ఆఫ్రికా సఫారీకి వెళ్దామనుకునే మనవాళ్ల మధ్య ఒక వాట్సాప్ సందేశం తెగ తిరుగుతోంది. దాని సారాంశం ఇది: "బోట్స్‌వానా, జాంబియా, జింబాబ్వేల్లో ట్రక్కు మీద గుంపుగా తిరిగేవాళ్లు నది ఒడ్డున టెంట్ వేసుకుని నిశ్చింతగా పడుకోవచ్చు. హిప్పో గడ్డి తినే జంతువు, మన జోలికి రాదు. మొసలి బలమంతా నీళ్లలోనే. మంట వేస్తే మిగతా జంతువులు రావు. ఇరవై మంది ఉన్నచోటికి ఏదీ రాదు."

పోయిన వారం మా తోడల్లుడు నాకూ పంపాడు, పిల్లలతో వెళ్తున్నామంటూ. అందుకే ఇది రాస్తున్నాను. నేనూ కేప్‌టౌన్ నుంచి విక్టోరియా జలపాతం దాకా అలాంటి ట్రక్కులోనే వెళ్లాను. వెళ్లొద్దని నేను అనను. ఈ మాటలు నమ్ముకుని మాత్రం వెళ్లకండి.

ముందు హిప్పో సంగతి. పగలంతా నీళ్లలో పడి ఉండే జంతువు చీకటి పడగానే ఒడ్డెక్కుతుంది. రాత్రంతా మేసి, తెల్లారేలోగా నదికి వెళ్లిపోతుంది. ఒక్క రాత్రికి దాదాపు 40 కిలోల గడ్డి కావాలి దానికి. మే నుంచి అక్టోబరు దాకా అక్కడ వానలు దాదాపు ఉండవు, అడవిలో గడ్డి ఎండిపోతుంది. క్యాంపుల్లో నీళ్లు పెట్టి పెంచిన పచ్చిక మాత్రం లేతగా ఉంటుంది. జంతువులు బాగా కనిపిస్తాయని టూరిస్టులు వెళ్లేదీ ఆ నెలల్లోనే.

బోట్స్‌వానాలోని కసానె ఊళ్లో, చోబె నది ఒడ్డున, ఓ అర్ధరాత్రి నాకు మెలకువ వచ్చింది. పచ్చగడ్డి పీకుతున్న చప్పుడు. పరపరా లాగడం, కాస్త ఆగడం, మళ్లీ పరపరా. టెంట్ గుడ్డకి అవతల, చేయి చాపితే అందేంత దగ్గర. మధ్యలో బరువైన ఊపిరి. పొద్దున చూస్తే టెంట్ తాడు పక్కనే నాలుగు వేళ్ల అడుగులు, ఒక్కోటి టిఫిన్ ప్లేటంత.

అది నన్నేమీ చేయలేదు, ఎందుకంటే నేను జిప్ తీయలేదు. టార్చ్ పట్టుకుని బయటికొచ్చి, దానికీ నదికీ మధ్య నిలబడి ఉంటే ఇవాళ ఇది రాసేవాణ్ని కాదేమో. బెదిరిన హిప్పో నీళ్ల వైపే పరిగెడుతుంది. దారిలో మనిషి ఉంటే పక్కకి తప్పుకోదు. టన్నున్నర బరువు, గంటకు 30 కిలోమీటర్ల వేగం, అర మీటరు దాకా పెరిగే కోరలు. తినడానికి కాదు, భయంతో కొరుకుతుంది. కొత్తగా ఈనిన గేదె కూడా గడ్డే తింటుంది. దాని దూడ దగ్గరికి పిల్లల్ని పంపుతామా?

మొసలి మాట మనకి చిన్నప్పటి పద్యాల నుంచి వచ్చిన స్థానబలం మాట. పద్యంలో తప్పు లేదు, దాన్ని ఇక్కడ అన్వయించడంలోనే ఉంది. నైలు మొసలి ఎక్కువగా వేటాడేది ఒడ్డు అంచునే. కళ్లూ ముక్కూ మాత్రం పైకి పెట్టి, నీళ్లు తాగడానికొచ్చే జంతువు కోసం కదలకుండా కాచుకుంటుంది. ఒక్క ఉదుటున పైకొచ్చి లోపలికి లాగేస్తుంది. గిన్నె కడగడానికి వంగిన మనిషికీ, తల వంచిన జింకకీ దాని దృష్టిలో తేడా లేదు. గిన్నెలూ చేతులూ కుళాయి దగ్గరే కడగండి.

ఇక మంట. భోజనాలయ్యాక అందరూ పడుకుంటారు, ఒంటిగంటకల్లా బూడిదే మిగులుతుంది. హైనాలు వచ్చేది అప్పుడే, మాంసం కాల్చిన వాసనకి. బయట వదిలిన బూట్లనీ ఎత్తుకుపోతాయి. ఏనుగులైతే ఇంకో సమస్య. జింబాబ్వేలో జాంబెజీ నది ఒడ్డున ఉన్న మానా పూల్స్ నేషనల్ పార్కులోకి నారింజ జాతి పళ్లు తీసుకురావద్దని నిబంధన ఉంది, ఎందుకంటే ఆ వాసన పట్టిన ఏనుగు టెంటూ కారూ చూసుకోదు. బోట్స్‌వానాలోని సావూటి క్యాంపులో నీళ్ల కోసం ఏనుగులు మీదికి రాకుండా బాత్రూముల చుట్టూ గట్టి గోడే కట్టాల్సి వచ్చింది. పిల్లలకి ఆకలేస్తుందని బత్తాయిలూ అరటిపళ్లూ టెంట్లో దాచుకునే అలవాటు మనకి ఉంది. అవన్నీ ట్రక్కు లాకర్లోకి వెళ్లాలి.

గుంపు ధైర్యం గురించి ఒక్క మాట. ట్రక్కు ఐదింటికి బయల్దేరాలంటే నాలుగున్నరకే, చీకట్లో, టెంట్లు మడుస్తారు. హిప్పోలు నదికి తిరిగి వెళ్లే వేళ కూడా అదే. ఇరవై మంది తలో దిక్కున తిరుగుతుంటే ఎవరో ఒకరు వాటి దారిలో పడే అవకాశం పెరుగుతుందే కానీ తగ్గదు. డ్రైవరో గైడో టార్చ్ వేసి చుట్టూ చూసి సరే అనేదాకా టెంట్లోనే ఉండండి. లేటవుతుందని టెన్షన్ పడొద్దు.

జిప్ పూర్తిగా వేసి, లోపల తిండి లేకుండా పడుకుంటే సింహం కూడా మామూలుగా టెంట్‌ని పట్టించుకోదు. ఆ సందేశంలో రాయాల్సింది ఇది.

అసలు రాయనిది ఇంకొకటి, దోమ. ఈ నదుల ఒడ్డున వచ్చే మలేరియా ఎక్కువగా ఫాల్సిపారం రకం, ప్రాణాంతకమైనది. మాత్రలు ప్రయాణానికి ముందే మొదలుపెట్టాలి, తిరిగొచ్చాకా కొన్నాళ్లు వేసుకోవాలి. ఏ మాత్ర, ఎన్నాళ్లన్నది డాక్టరే చెప్పాలి. తోడల్లుడికి ఫోన్ చేసి నేను మొదట అడిగింది కూడా ఇదే. డాక్టర్ దగ్గరికి ఇంకా వెళ్లలేదన్నాడు. బుధవారానికి పిల్లలతో సహా అపాయింట్‌మెంట్ తీసుకున్నాడు.