జాన్ మోరోను ఎవరూ కనిపెట్టలేదు

ఫ్రెంచి నటి జాన్ మోరో పేరు ఎత్తగానే ఒక వ్యాఖ్య తరచుగా వినిపిస్తుంది: "అనామకురాలిగా ఉన్న ఆమెను 1958లో దర్శకుడు లూయీ మాల్ వెలుగులోకి తెచ్చాడు, న్యూ వేవ్ దర్శకులు ఆమెను తీర్చిదిద్దారు, ఆ ఉద్యమం చల్లబడ్డాక ఆమె ప్రస్థానం ముగిసింది." (న్యూ వేవ్ అంటే 1950ల చివర ఫ్రాన్స్‌లో యువ దర్శకులు మొదలుపెట్టిన కొత్త తరహా సినిమా ఉద్యమం.) ఎందరో నమ్మి పంచుకుంటున్న ఈ మూడు మాటల్లో ఒక్కటీ పరీక్షకు నిలవదు.

అనామకురాలన్న మాటనే ముందు చూద్దాం. 1928లో పారిస్‌లో పుట్టిన మోరో అక్కడి కన్సర్వేటరీలో నటన అభ్యసించి, ఇరవై ఏళ్ళ వయసుకే దేశంలో అత్యంత ప్రతిష్ఠ గల కొమెదీ ఫ్రాన్సేజ్ నాటకశాలలో స్థానం సంపాదించారు. అక్కడి నుంచి జాఁ విలార్ నాటక బృందానికి మారి, ఆనాటి ప్రేక్షకుల ఆరాధ్య నటుడు జెరార్ ఫిలిప్‌తో కలిసి నటించారు. 1954లో జాక్ బెకర్ తీసిన నేరకథాచిత్రంలో జాఁ గబాఁ వంటి దిగ్గజం పక్కన కనిపించారు. అదే ఏడు విడుదలైన 'రాణీ మార్గో'లో టైటిల్ పాత్ర ఆమెదే. పీటర్ బ్రూక్ పారిస్‌లో ప్రదర్శించిన అమెరికన్ రచయిత టెనెసీ విలియమ్స్ నాటకంలో మ్యాగీ పాత్రలో ఆమెను చూసే మాల్ తన చిత్రానికి అడిగారు. అప్పటికి ఆమె పదిహేనుకు పైగా చిత్రాల్లో నటించి ఉన్నారు. ఇరవై నాలుగేళ్ళ మాల్‌కు మాత్రం సొంతంగా తీస్తున్న తొలి కథాచిత్రం 'ఎలివేటర్ టు ద గాలోస్'. ఎవరి పేరు ఎవరికి అండగా నిలిచిందో వేరే చెప్పనక్కర లేదు.

ఆ చిత్రం కొత్తగా ఏమీ ఇవ్వలేదని నా వాదన కాదు. ప్రియుడి కోసం వెదుకుతూ ఆమె రాత్రివేళ పారిస్‌లోని షాఁజెలిజే వీధిలో నడిచే సన్నివేశాన్ని ఛాయాగ్రాహకుడు ఆఁరీ దకాయ్ దుకాణాల అద్దాల నుంచి పడే వెలుతురులోనే చిత్రించారు. కెమెరాను పసిపిల్లల తోపుడుబండిలో పెట్టి ఆమె వెంట నడిపించారు. దట్టమైన మేకప్, స్టూడియో దీపాలు లేని ఆ ముఖాన్ని చూసి ఫిల్మ్ కడిగే ల్యాబ్ సిబ్బంది, ఈ దర్శకుడు మోరోను పాడుచేస్తున్నాడంటూ నిర్మాతకు మొరపెట్టుకున్నారని మాల్ స్వయంగా చెప్పారు. అనామక నటి అందం చెడిపోతుందని ల్యాబ్‌లో ఎవరు కంగారుపడతారు? అక్కడ మారింది ఆమెను చిత్రించే పద్ధతి. నటన ఆమె వెంట అప్పటికే ఉంది.

న్యూ వేవ్ తీర్చిదిద్దిందన్న రెండో మాటకు ఆమె చిత్రాల జాబితాయే జవాబు. 1960లో కాన్ చిత్రోత్సవంలో ఉత్తమ నటి పురస్కారం తెచ్చిన 'మొదెరాతో కాంతాబిలే'ను తీసింది ఆంగ్లేయుడైన పీటర్ బ్రూక్. ఆంతోనియోని, బున్యుయెల్, ఆర్సన్ వెల్స్ వంటి దర్శకులు కూడా ఆమెను ఎంచుకున్నారు. వీరెవరూ న్యూ వేవ్ వారు కారు. న్యూ వేవ్ దర్శకుడు త్రుఫో తీసిన 'జూల్ ఎ జిమ్' ఆమె కీర్తికి కిరీటమే, కాని ఒక్క కిరీటాన్ని చూపి జీవితమంతా ఒకే గుంపు ఖాతాలో రాయడం అన్యాయం.

ఇక ముగిసిపోయిందంటున్న ప్రస్థానం. 1976లో 'ల్యుమియేర్'ను తానే రాసి, నటించి, దర్శకత్వం వహించారు. 1979లో రెండో చిత్రం తీశారు. 1975లోనూ 1995లోనూ కాన్ జ్యూరీకి అధ్యక్షత వహించారు. 1992లో, అరవై నాలుగేళ్ళ వయసులో, ఉత్తమ నటిగా ఫ్రెంచి సినిమా పురస్కారం సెజార్ అందుకున్నారు. 2000లో ఫ్రాన్స్ లలితకళల అకాడమీకి ఎన్నికైన తొలి మహిళ ఆమె. 2017లో కన్నుమూసేదాకా గడిచిన ఈ నాలుగు దశాబ్దాలను లెక్కలోంచి తీసేస్తే తప్ప, ఆ మూడో మాట అనడం ఎవరికీ సాధ్యం కాదు.