బరంపురం మీదుగా బార్సిలోనా

మా మేనకోడలు ఇద్దరు పిల్లల్నీ, వాళ్ళ అమ్మమ్మనీ, అంటే మా అక్కనీ వెంటేసుకుని స్పానిష్ నేర్చుకోవడానికి బార్సిలోనా వెళ్ళింది. ఏడాది కోర్సు. ఇంట్లో అందరూ మెచ్చుకున్నారు. నేనొక్కణ్ణే అభ్యంతరం చెప్పాను.

నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. అర్థం కాని భాష మధ్య పిల్లల్ని పెంచడం, కాగితంలో ఏముందో తెలియకుండా సంతకం పెట్టడం, పక్కింటావిడ నవ్వితే పలకరించిందో వెక్కిరించిందో తేలక రాత్రంతా ఆలోచించడం... ఇవన్నీ మా బరంపురంలో, అది ఒరిస్సాలో కలిసిన 1936 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. వీసా అక్కర్లేదు, గుమ్మం దాటక్కర్లేదు. మా తాత మద్రాసు ప్రెసిడెన్సీలో పడుకుని ఒరిస్సాలో నిద్ర లేచాడు. తేదీ చూసి ఎవరో వేళాకోళం ఆడుతున్నారనుకున్నాడట. రాష్ట్రం మారింది గానీ మంచం మారలేదు.

అలా మారినప్పుడు కొందరు పెద్దలు తెలివిగా సర్దుకున్నారు. వాడుక భాష కోసం జీవితమంతా పోరాడిన గిడుగు రామమూర్తి గారు, తానుంటున్న పర్లాకిమిడి ఒరిస్సాలో కలవగానే రాజమండ్రికి మకాం మార్చేశారు. మాకు అంత ఓపిక లేదు, రాజమండ్రిలో ఇల్లూ లేదు. అంతకు ముందే మా ఊళ్ళో పుట్టిన వి.వి.గిరి గారు 1913లో లా చదవడానికి డబ్లిన్ దాకా వెళ్ళి, అక్కడి వాళ్ళ స్వాతంత్ర్య గొడవలో తలదూర్చి, చివరికి ఆ దేశం విడిచి వచ్చేశారు. ఆ తర్వాత రాష్ట్రపతి అయ్యారు. కాబట్టి బరంపురం వాళ్ళు పైదేశం వెళ్ళడం కొత్త కాదు. అక్కడ నోరు మూసుకుని చదువుకోవడమే కొత్త.

స్పానిష్ పరీక్షలకి ఏ1 నుంచి సి2 దాకా ఆరు మెట్లున్నాయట. మా ఊళ్ళోనూ ఉన్నాయి, కాకపోతే సర్టిఫికెట్ ఇవ్వరు. గిరి మార్కెట్‌లో వంకాయలు చూపించి ‘కేతే’ అని అడగగలిగితే ఏ1. చెప్పిన ధర విని మొహం మాడ్చుకోగలిగితే ఏ2. రేషన్ షాపు దగ్గర అరగంట పోట్లాడినా మనం తెలుగువాళ్ళమని అవతలివాడు పట్టుకోలేకపోతే, అదీ సి2. నేను అరవై ఏళ్ళుగా ప్రయత్నిస్తున్నాను. రెండో వాక్యంలోనే దొరికిపోతాను. ‘తెలెంగా?’ అంటారు. అవునంటే ‘ఆంధ్రాలో ఏ ఊరు?’ అంటారు. విశాఖపట్నం వెళ్తే రెండో వాక్యంలోనే ‘ఒడిశా వాళ్ళా?’ అంటారు. ఇంత కచ్చితంగా పరీక్ష పెట్టే సంస్థ యూరప్‌లో ఉందా?

పాఠాలు కూడా అనుభవపూర్వకంగా ఉంటాయి. ఏడేళ్ళప్పుడు ఒడియా వాళ్ళ పెళ్ళికి వెళ్ళాను. విస్తట్లో దాల్మా అనే పప్పుకూర వడ్డిస్తుంటే మర్యాదగా చెయ్యి అడ్డం పెట్టి ‘చాలు’ అన్నాను. తెలుగులో చాలు అంటే ఆపమని. ఒడియాలో చాలు అంటే నడుస్తోంది, సాగుతోంది అని. వడ్డించేవాడు ఆనందించి ఇంకో గరిటె వేశాడు. నేను గట్టిగా ‘చాలు, చాలు’ అన్నాను. ఈ కుర్రాడు తిండిపుష్టి గలవాడని మెచ్చుకుంటూ బాల్చీ నా ముందే పెట్టేశాడు.

సరే, ఇంత మంచి విద్యాసంస్థని కాదని మా అమ్మాయి విమానం ఎక్కేసింది. నెల తిరక్కుండానే రాత్రి పదింటికి ఫోన్. గొంతు బాగోలేదు.

‘మావయ్యా, పిల్లలకి స్పానిష్ రావట్లేదు.’

‘నెలకే ఎలా వస్తుందే?’

‘అది కాదు. కాతలాన్ వస్తోంది!’

విషయం ఏమిటంటే, బార్సిలోనా స్పెయిన్‌లో ఉన్నా కాతలూన్యా అనే ప్రాంతానికి రాజధాని. వాళ్ళకి కాతలాన్ అని సొంత భాష ఉంది. అక్కడ స్పానిష్‌తో పాటు అదీ అధికార భాషే, సర్కారు బడుల్లో చదువు ప్రధానంగా అందులోనే. కొత్తగా వచ్చిన పిల్లల కోసం స్వాగత తరగతి ఒకటి పెట్టి మరీ నేర్పిస్తారట. ఈవిడ పొద్దున్న క్లాసులో డబ్బు కట్టి శుభోదయానికి ‘బ్వేనోస్ దీయాస్’ అని నేర్చుకుంటుంది. ఆరేళ్ళవాడు సాయంత్రం బడి నుంచి వచ్చి, పైసా ఖర్చు లేకుండా ‘బోన్ దీయా’ అంటాడు. ఈవిడ కుక్కని పెఱ్ఱో అంటే వాడు గోస్ అంటాడు. ఇంట్లో ఒకే కుక్క బొమ్మ ఉంది. దానికి అక్క పెట్టిన పేరు రాజు.

నేను రెండు రోజులు నవ్వుకుని మూడో రోజు ఓదార్చాను. ‘ఊరు ఒకరిది, సర్కారు ఇంకొకరిది, బడి ఒక భాష, బజారు ఒక భాష. ఏమే, ఇది మన బరంపురమే కదా! వాళ్ళకి సముద్రం ఊళ్ళోనే ఉంది, మనం గోపాలపూర్ దాకా వెళ్ళాలి. అంతే తేడా.’ ఆమె ఏమీ అనలేదు. ఛార్జీలు లెక్క వేసుకుంటోందనుకుంటాను.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే స్పానిష్ మనకి ఒక మేలు చేసింది. మన అక్షరమాలలో ఞ అని ఒక ఉద్యోగం లేని అక్షరం ఉంది కదా. జ్ఞానం, విజ్ఞానం అంటూ జ కిందా, చ పక్కనా కూలికి వెళ్ళడమే తప్ప దానికి సొంతంగా పనంటూ లేదు. పాపం, స్పెయిన్‌లో దానికి పర్మనెంటు ఉద్యోగం. నీఞో అంటే పిల్లాడు, మఞానా అంటే రేపు, దేశం పేరే ఎస్పాఞా. అలాగే మనం అరసున్నాతో పాటు అటక మీద పడేసిన బండి ఱ. అక్కడ ర కీ ఱ కీ తేడా చెప్పకపోతే కొంప మునుగుతుంది. పెరో అంటే ‘కానీ’, పెఱ్ఱో అంటే కుక్క. మా అమ్మాయి మొదటి వారం టీచరుతో ‘నాకు వచ్చు, కుక్క బాగా రాదు’ అని వినయంగా చెప్పుకుందట. తెలుగు పంతుళ్ళం మేం బండి ఱ ని కాపాడి ఉంటే పిల్లకి ఈ అవమానం తప్పేది.

ఇక కాగితాలు. అద్దె ఇంట్లో దిగగానే మునిసిపాలిటీలో పేరు నమోదు చేయించుకోవాలి. స్వదేశీ, పరదేశీ తేడా లేదు, ఆ ఊళ్ళో ఉంటున్నవాళ్ళంతా నమోదు కావాల్సిందే. ఆ కాగితం లేనిదే బడిలో సీటు అడగడం కష్టం. ఆ కాగితం కోసం ముందు అపాయింట్‌మెంట్, దాన్ని థీతా అంటారు, మా అక్క చెవికి సీత. ‘ఎక్కడికెళ్ళినా సీత కావాలంటున్నార్రా, ఆవిడ ఏ సీట్లో కూర్చుంటుందో ఎవరూ చెప్పరు’ అని నాకు ఫోన్‌లో వాపోయింది. ఫారంలో ఇంటిపేర్లకి రెండు గళ్ళున్నాయట, తండ్రి వైపుది ఒకటి, తల్లి వైపుది ఒకటి. మాకు ఒక్క ఇంటిపేరునే ఎక్కడ పెట్టాలో ఇంతవరకూ తేలలేదు. తెలుగు బడిలో ముందుండేది, తర్వాత ఒక ఆఫీసు గుమాస్తా దాన్ని చివరికి తోశాడు, పెన్షన్ కాగితాల్లో అది మా నాన్న పేరుగా మారింది. ఆ సవరణకి నేను తిరిగినన్ని సార్లు మా అమ్మాయి ఆ మునిసిపాలిటీకి తిరగలేదు. ఆమెకి రెండోసారికే పని అయిపోయింది. అభివృద్ధి చెందిన దేశాల్లో ఓర్పు నేర్పరనడానికి ఇదే రుజువు.

అందరికంటే త్వరగా ఆ ఊరికి అలవాటు పడింది అక్క. రొట్టె మీద టమాటా రుద్ది, ఆలివ్ నూనె పోసుకుని తినడం చూసి మొదట్లో ‘కూర వండుకునే తీరిక లేదు కాబోలు’ అని జాలిపడింది. రాత్రి తొమ్మిదీ పదింటికి భోజనాలంటే కోప్పడింది. పదో రోజుకల్లా ఒంటరిగా బజారుకెళ్ళి కొత్తిమీరా, కందిపప్పూ తెచ్చేసింది. ‘స్పానిష్ ఏమంత కష్టం కాదురా, అచ్చం హిందీ లాగే ఉంది’ అంది. బార్సిలోనాలో చాలా చిల్లర కొట్లు పాకిస్తాన్ వాళ్ళవి అని మా అమ్మాయి తర్వాత చెప్పింది. అక్కకి ఇంకా చెప్పలేదు. ఆవిడకి ఆ కొట్టువాడు ‘మాజీ’, అంటే అమ్మా, అని పిలిచే స్పెయిన్ కుర్రాడు.

మొన్న ఆదివారం మా అమ్మాయి సందేహం తీర్చుకోవడానికి ఫోన్ చేసింది. స్పానిష్‌లో ‘ఉండడం’ అనేదానికి రెండు క్రియలున్నాయట, సేర్, ఎస్తార్. మనం ఎవరమో చెప్పడానికి ఒకటి, ఎక్కడ ఉన్నామో చెప్పడానికి ఇంకొకటి. క్లాసులో మిగతా దేశాల వాళ్ళంతా దీని దగ్గర ఏడుస్తున్నారట. నాకు నవ్వొచ్చింది. ‘నేను తెలుగువాణ్ణి’, ఇందులో ఉన్నాను అనే మాటే లేదు. ‘నేను ఒడిశాలో ఉన్నాను’, ఇందులో ఉంది. రెండూ వేరు వేరని మాకు పుట్టుకతోనే తెలుసు. ఆ రెండూ ఒకటే అనుకునే ఆఫీసర్లకే తెలియదు.

‘మరి బరంపురం ఒడిశాలో ఉంది అనడానికి ఏది వాడాలే?’ అన్నాను.

‘ఎస్తార్, మావయ్యా.’

‘ఇన్ని దశాబ్దాలైనా ఇంకా ఎస్తారేనా? పర్మనెంటు అవ్వలేదా?’

‘చోటు సంగతైతే ఎప్పటికీ ఎస్తారే. కొండకైనా అంతే, మహేంద్రగిరికి కూడా ఎస్తారే.’

‘మనిషి పోయాక?’

‘చనిపోయి ఉన్నాడు అనడానికీ ఎస్తారే.’

కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. ఈలోగా ఆరేళ్ళవాడు ఫోన్ లాక్కుని తాతయ్యా అంటూ కాతలాన్‌లో ఏదో మొదలుపెట్టాడు. బడి సంగతులనుకుంటాను. పావుగంట విన్నాను. బిల్లు గుర్తొచ్చి, ‘చాలు నాన్నా’ అన్నాను.

వాడు మూడేళ్ళు బరంపురంలో పక్కింటి పిల్లలతో ఆడుకుని పెరిగినవాడు. ఒడియా బాగా వచ్చు. ఇంకో అరగంట మాట్లాడాడు.