తెలుగు కామెడీలో దెబ్బ ఎప్పుడూ కిందికే ఎందుకు పడుతుంది?

పెద్ద హీరో సినిమా. పెద్ద ఇల్లు. ఆ ఇంట్లో ఒక మేనేజరో, వంటవాడో, డ్రైవరో ఉంటాడు. ఏదో మాట జారతాడు. హీరో చెయ్యి లేస్తుంది, ‘ఫట్’మని సౌండు, వాడి తల పక్కకి తిరుగుతుంది, హాలంతా గొల్లుమంటుంది. వాడు చెంప తడుముకుంటూనే "సార్" అంటాడు. ఈ సీను మనం ఎన్నిసార్లు చూశామో లెక్కే లేదు. ఇప్పుడు ఇంకోటి గుర్తు తెచ్చుకోండి. అదే వంటవాడు, అదే డ్రైవరు ఆ ఇంటి యజమాని చెంప పగలగొడితే హాలు పడీపడీ నవ్విన సీను. వెతుక్కోవాలి కదా? చాలాసేపే వెతుక్కోవాలి.

హాస్యంలో దెబ్బే ఉండకూడదని నేను అనను. ‘కొట్టుడు కామెడీ’ అని మొత్తాన్నీ చులకన చేసేవాళ్లతో నాకు అసలు పొసగదు. ఒళ్లు వంచి, పడి, లేచి నవ్వించడం మాటలతో నవ్వించడం కన్నా చాలా కష్టం. భాష రానివాడికీ, చదువు లేనివాడికీ, నాలుగేళ్ల పిల్లకీ, ఎనభై ఏళ్ల తాతకీ ఒకేసారి అందే హాస్యం అదొక్కటే. నా గొడవంతా ఆ దెబ్బ ఎటు నుంచి ఎటు వెళ్తోందన్న దాని గురించే.

ఈ విద్యకి పెద్దదిక్కు చాప్లిన్. ఏడేళ్లకే లండన్‌లో అనాథలనీ పేదలనీ పడేసే వర్క్‌హౌస్‌లో గడిపిన పిల్లాడు. ఆయన 1918లో ఒక అమెరికన్ పత్రికలో జనం దేనికి నవ్వుతారో వివరిస్తూ వ్యాసం రాశాడు. ‘ది అడ్వెంచరర్’ (1917)లో ఆయన పైన బాల్కనీలో ఐస్‌క్రీమ్ తింటుంటే అది జారి, కింద కూర్చున్న డబ్బున్నావిడ మీద పడుతుంది. ఆ సీను గురించి చెబుతూ, అదే ఐస్‌క్రీమ్ నేల తుడిచే పనిమనిషి మెడ మీద పడేసి ఉంటే జనానికి నవ్వు రాదు, ఆవిడ మీద జాలి పుడుతుంది అన్నాడు. లోకంలో పదిమందిలో తొమ్మిదిమంది పేదవాళ్లే, డబ్బున్నవాడి బింకం జారిపోతే వాళ్ల మనసు కుదుటపడుతుంది అన్నది ఆయన లెక్క. అదే 1917లో వచ్చిన ‘ది ఇమిగ్రెంట్’లో ఓడ న్యూయార్క్ చేరుతుంది, వలస వచ్చినవాళ్లంతా స్వేచ్ఛాప్రతిమని చూస్తుంటారు, అంతలో అధికారులు వాళ్లని పశువుల్లా తాడు కట్టి వెనక్కి నెడతారు. చార్లీ సందు చూసుకుని ఒక అధికారిని వెనక నుంచి తంతాడు. ఆ తన్ను ఎటు వెళ్లిందో చూడండి.

మరి మనవాళ్లు ఏం చేశారు? చాప్లిన్ నవ్వు రాదన్న ఆ పనిమనిషి మెడ మీదే ఐస్‌క్రీమ్ పడేశారు. మనం నవ్వాం. జాలి పడలేదు. మనమేమీ కరుడుగట్టిన మనుషులం కాదు కదా, ఇది ఎలా సాధ్యమైంది? నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్న ఇది.

ఎందుకంటే మనకి ఈ విద్య తెలియక కాదు. ‘మాయాబజార్’ (1957) మళ్లీ చూడండి. అందులో ఒళ్లుతో నవ్వించేదంతా ఎవరి మీద? హస్తినాపురం యువరాజు లక్ష్మణకుమారుడి మీద. రేలంగి ఆ రాజకుమారుణ్ని అద్దం ముందు మురిసిపోయే పిరికివాడిగా ఆడించారు. శశిరేఖ రూపంలో ఉన్న ఘటోత్కచుడు పెళ్లిపీటల మీద కాలు తొక్కితే ఆ యువరాజు గిలగిల్లాడతాడు. తొక్కింది అడవిలో ఉండే అసురుడు, తొక్కించుకున్నది దుర్యోధనుడి కొడుకు. సీఎస్ఆర్ ఆంజనేయులు వేసిన శకుని సత్యపీఠం ఎక్కగానే తన ఒళ్లే తన మాట వినక కుట్రంతా కక్కేస్తాడు. రాజ్యం, సైన్యం, తంత్రం అన్నీ ఉన్నవాళ్ల శరీరాలే అక్కడ అభాసుపాలవుతాయి. కె.వి.రెడ్డి గారి ఆ సినిమా ఇప్పటికీ పిల్లలతో కలిసి చూడగలుగుతున్నామంటే ఈ దిక్కు కూడా ఒక కారణమని నా గట్టి నమ్మకం.

1987 దగ్గర కాసేపు ఆగాలి. ఆ ఒక్క ఏడాదే రెండు అద్భుతాలు వచ్చాయి.

ఒకటి మన సింగీతం శ్రీనివాసరావు గారి ‘పుష్పక విమానం’. సినిమా మొత్తంలో ఒక్క డైలాగు లేదు కాబట్టి చెప్పాల్సిందంతా శరీరాలే చెప్పాలి. ఉద్యోగం లేని కుర్రాడు కమల్ హాసన్ లాడ్జిలో బాత్రూమ్ కోసం క్యూలో నిలబడే మనిషి. తాగి రోడ్డు మీద పడిపోయిన కోటీశ్వరుణ్ని తన గదిలో కట్టేసి, అతని హోటల్ సూట్‌లోకి మారిపోతాడు. మెత్తటి పరుపు, చల్లటి గది, చీమ చిటుక్కుమన్నా వినిపించే నిశ్శబ్దం. నిద్ర పట్టదు! అతని లాడ్జి సినిమా హాలు పక్కన. రోజూ ఫైటింగుల సౌండు మధ్య పడుకున్న ఒళ్లు అది. చివరికి ఆ సౌండు టేపులో రికార్డు చేసుకొచ్చి, హోటల్ గదిలో పెట్టుకుని హాయిగా నిద్రపోతాడు. పేదరికం జేబులోనే కాదు, చెవుల్లో, నరాల్లో, నిద్రలో కూడా ఉంటుందని ఇంతకన్నా బాగా చెప్పిన సీను నాకు తెలిసినంతలో ఏ భాషలోనూ లేదు. కట్టేసిన కోటీశ్వరుడి మలాన్ని కుర్రాడు రోజూ అందంగా గిఫ్ట్ ప్యాకెట్ కట్టి బయట వదిలేసి వచ్చే వరస ఇంకా ఘాటుగా ఉంటుంది. డబ్బున్నవాడి సుఖం అనుభవించాలంటే వాడి పెంట మొయ్యాలి. ఎవడూ ఎవణ్నీ చెంప మీద కొట్టకుండానే వర్గం అంటే ఏమిటో మొత్తం మన కళ్ల ముందు పెట్టారు.

రెండోది జంధ్యాల గారి ‘అహ నా పెళ్లంట!’. కోట శ్రీనివాసరావు పిసినారి లక్ష్మీపతి, బ్రహ్మానందం అతని దగ్గర పనివాడు అరగుండు. కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టి అన్నం తినే సీను తెలియని తెలుగువాడు ఉండడు. ఇందులో నవ్వులపాలైనవాడు ఎవడు? డబ్బున్న యజమాని. ఎదురుగా నోరెత్తలేని అరగుండు ముఖంతోనే ఆ యజమానిని ఉతికి ఆరేస్తాడు. ఆ ముఖంలో జీతం రాళ్ల కోసం తల వంచి, లోపల పళ్లు నూరుకునే ప్రతి మనిషీ తనని తాను చూసుకున్నాడు. అత్తిలిలో తెలుగు పాఠాలు చెప్పిన లెక్చరరు రాత్రికి రాత్రి రాష్ట్రమంతటికీ సొంతమనిషి అయిపోయింది ఆ ముఖంతోనే.

ఆ తర్వాత ఏమైంది? తొంభైలలో తన్ను మొదలైంది. కోట, బాబూమోహన్ జంట. తమిళంలో గౌండమణి, సెంథిల్‌ల జంట అప్పటికే దుమ్ము లేపుతోంది, ‘కరగాట్టకారన్’ (1989) అరటిపండు సీను ఇప్పటికీ మీముల్లో బతికే ఉంది. ఈ జంటల టైమింగు గురించి ఒక్క మాట తక్కువ చేసి మాట్లాడను. 2025 జూలైలో కోట గారు పోయిన రోజు నా టైమ్‌లైన్ నిండా ఆ క్లిప్పులే, నేనూ చూశాను, నవ్వాను, కళ్లు చెమర్చాయి కూడా. కానీ ఆ సీన్లు వరసగా చూస్తే ఒకటి కనబడుతుంది. ఇక్కడ కొట్టేవాడూ పెద్ద గొప్పోడు కాదు. చిన్న కొట్టు వాడో, ఊళ్లో కాస్త పలుకుబడి ఉన్నవాడో. కొట్టించుకునేవాడు వాడికన్నా ఒక్క మెట్టు కింద. కింద ఉన్నవాడు తన కోపాన్ని ఇంకా కింద ఉన్నవాడి నడ్డి మీద తీర్చుకోవడం. అసలు పైవాడు ఆ సీన్లో ఉండనే ఉండడు, పక్క సీన్లో ఫైట్ చేస్తుంటాడు.

మార్పు అంతా ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది. హీరో పడటం మానేశాడు. ఎనభైలలో, తొంభైల మొదట్లో రాజేంద్రప్రసాద్ పడేవాడు, జారేవాడు, అప్పులవాళ్ల నుంచి పారిపోయేవాడు. ‘అప్పుల అప్పారావు’లో హీరో ఒళ్లే కామెడీకి ముడిసరుకు. ‘చంటబ్బాయ్’ (1986)లో చిరంజీవి అంతటివాడు చాప్లిన్ వేషం కట్టాడు. ఆ హీరో మనలాంటివాడు, మధ్యతరగతివాడు, పడితే తప్పులేదు. తర్వాత హీరోకి వంశం వచ్చింది, తొడ చరుపు వచ్చింది, స్లో మోషన్ నడక వచ్చింది. అలాంటివాడు అరటితొక్క మీద కాలు వేస్తే అభిమాని తట్టుకోలేడు. కాబట్టి పడిపోయే పనిని కూలికిచ్చేశారు. కమెడియన్ అనే ఉద్యోగానికి అర్థం మారిపోయింది. హీరో పరువు పోకుండా హీరో బదులు దెబ్బలు తినే మనిషి అయిపోయాడు.

రెండువేలల తర్వాత ఇది ఇంకో మెట్టు ఎక్కింది. బ్రహ్మానందం పాత్రలకి కోటు వచ్చింది, బిల్డప్ వచ్చింది, పెద్ద పేరు వచ్చింది. "మరి వాడు గర్విష్ఠి కదా, గర్విష్ఠిని కొట్టడం చాప్లిన్ పద్ధతే కదా" అని అడగొచ్చు. ఈ ప్రశ్నని నేను తేలిగ్గా తీసుకోను. కానీ ఆ పాత్ర నిజంగా అధికారం ఉన్నవాడా అని చూడండి. చాలాసార్లు వాడు ఆడిటరో, ఇంట్లో నెట్టుకొస్తున్న బావగారో, అవకాశాల కోసం కాచుకుని ఉన్న నటుడో. ‘దూకుడు’ (2011)లో ఆ నటుణ్ని రియాలిటీ షో అని నమ్మించి, అతను ఉంటున్న ఇంటినే హీరో వాడుకుంటాడు. వాడి నేరం ఏమిటి? తన స్థాయికి మించి కలగనడం. అదే సినిమాలో హీరో కూడా వేషాలు వేస్తాడు, అబద్ధాలు చెబుతాడు, అందర్నీ బురిడీ కొట్టిస్తాడు. దానికి చప్పట్లు. కమెడియన్ అదే పని చేస్తే చెంపదెబ్బలు. ఒకే పని, ఒకడికి తెలివి, ఇంకొకడికి కొవ్వు. "నీ హద్దులో నువ్వుండు" అని ఊళ్లో రచ్చబండ దగ్గర ఎవరు ఎవరితో అనేవాళ్లో మనకి తెలియంది కాదు.

చాప్లిన్ చెప్పిన జాలి ఎక్కడ పోయిందన్నదానికి జవాబు కూడా ఇందులోనే దొరుకుతుంది. దెబ్బకి కార్టూన్ సౌండు పెడతారు, కాబట్టి నొప్పి లేదని మనకి ముందే చెప్పేస్తారు. కొట్టించుకునేవాడు నల్లగానో, లావుగానో, పొట్టిగానో, నత్తిగానో ఉంటాడు, కాబట్టి వాడు ‘మనవాడు’ కాదు. చాలా ఏళ్లు వాడి నోట్లో తెలంగాణ యాసో, శ్రీకాకుళం యాసో పెట్టారు, హీరోకి మాత్రం కృష్ణా గుంటూరు తెలుగు. ఆడవాళ్లయితే మరీ ఘోరం, లావుగా ఉన్నావిడ తెర మీదకి రావడమే జోకు, ఆవిడ ఏమీ చెయ్యక్కర్లేదు. ఇన్ని తెరలు కట్టాక వాడి చెంప మన చెంపలా ఎందుకనిపిస్తుంది?

"సినిమాని సినిమాలా చూడు" అనే స్నేహితులకి ఒకటి చెప్పాలి. నేను సినిమాని సినిమాలానే చూస్తున్నాను, అందుకే ఇంత రాస్తున్నాను. ఇది తెర మీదే ఆగిపోతే నాకు ఇంత బాధ ఉండేది కాదు. ఫోన్లో వచ్చే ప్రాంక్ వీడియోలు చూడండి. ఎవరి మీద చేస్తున్నారు? అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మీద, ఆటో డ్రైవర్ మీద, లిఫ్ట్ లేని మూడో అంతస్తుకి బిర్యానీ మోసుకొచ్చిన డెలివరీ కుర్రాడి మీద. వాడు ఉలిక్కిపడతాడు, భయపడతాడు, ఒక్కోసారి ఏడుస్తాడు, ఆఖర్న "ప్రాంక్ అన్నా, కెమెరా అక్కడుంది" అంటే మొహమాటంగా నవ్వుతాడు. ఎదురు తిరిగితే కంప్లయింట్ వెళ్తుందనీ, రేటింగ్ పోతుందనీ వాడికి తెలుసు. ఆ నవ్వు నవ్వు కాదు. గేటెడ్ కమ్యూనిటీ ప్రెసిడెంట్ మీదో, ఎస్సై గారి మీదో ఇదే ప్రాంక్ చేసి చూపించండి. చెయ్యరు. నవ్వించడానికి ఎవణ్ని ముట్టుకోవచ్చో, ఎవణ్ని ముట్టుకోకూడదో వాళ్లకి బాగా తెలుసు. అది మన సినిమాలే నేర్పాయని నేను అనను. ఇంట్లో, బడిలో, ఆఫీసులో అంతా నేర్చుకున్నదే. సినిమా దానికి సౌండు ఎఫెక్టు పెట్టింది.

ఇప్పుడంతా చీకటేనని కూడా అనను. ‘జాతిరత్నాలు’ (2021)లో జోగిపేట కుర్రాళ్ల ముగ్గురి తిక్కతనమే కామెడీ, ఆ తిక్కవాళ్లే హీరోలు, ఆ యాస వాళ్లదే. వాళ్లకి బదులు దెబ్బలు తినడానికి పక్కన ఇంకొకణ్ని పెట్టుకోలేదు. జనం హాళ్లకి పరుగెత్తారు కదా, ఎవరి చెంపా పగలకుండానే. చిన్న సినిమాల కుర్రాళ్లు ఈ దారి పట్టారు. వంద కోట్ల సినిమాలు తీసేవాళ్లు మాత్రం ఇప్పటికీ సెకండాఫ్‌లో ఒక పనివాణ్ని పెట్టి, వాడి నెత్తిన పది నిమిషాలు గడిపేస్తున్నారు. ఆ పది నిమిషాల స్క్రిప్టు రాసే రచయితలు నా స్నేహితుల జాబితాలో ఉన్నారు, ఈ పోస్ట్ చూస్తారు కూడా. మీకే రాస్తున్నాను అన్నా. ఈసారి ఆ సీను రాసేటప్పుడు పాత్రల చోటు మార్చి ఒక్కసారి చదవండి. వంటవాడి చెయ్యి లేచి, యజమాని చెంప మీద పడితే నవ్వొస్తుందో లేదో చూడండి. నవ్వొస్తే దాన్నే తీయండి. హీరో ఒప్పుకోడు అంటారా, ఆ మాట బయటికి చెప్పండి. ఎందుకు ఒప్పుకోడో అప్పుడు అందరం కలిసి అడుగుదాం.