సగం మార్కెట్టా? దేంట్లో సగం?

తిరుపతి లీలామహల్ సర్కిల్ నుంచి పలమనేరు దాకా ఒక డెయిరీ కంపెనీ హోర్డింగులు పెట్టింది. 'జిల్లాలో సగం పాల మార్కెట్ మాదే' అంటోంది. ఏ జిల్లాలో? 2022లో ముక్కలు కాకముందు చిత్తూరు జిల్లాలోనా, తర్వాత జిల్లాలోనా? అసలు దేంట్లో సగం?

ఒక ఊళ్లో రోజుకు 1,000 లీటర్ల పాలు పిండుతారనుకుందాం. ఇళ్లలో వాడుకకు 400 పోతే, ఇంకో 300 విడిపాలుగా ఇరుగుపొరుగుకు, టీ కొట్లకు పోతాయి, తక్కిన 300 డెయిరీలకు. అందులో ఒక కంపెనీ 150 పోయించుకుంటే డెయిరీల లెక్కలో దాని వాటా 50 శాతం, అమ్ముడైన పాలలో 25, పిండిన పాలలో 15. అవే 150 లీటర్లు! పైగా ఇది సేకరణ లెక్క. ఇక్కడ పోయించుకున్న పాలు చెన్నైకి, బెంగళూరుకూ పోతాయి కాబట్టి తిరుపతిలో అమ్మకాల వాటా పూర్తిగా వేరే సంగతి.

ప్రకటన అన్నాక కాస్త గొప్పలు మామూలే అంటారు కొందరు. కావచ్చు, కానీ అంకె వేశాక అది లెక్క, లెక్కకు ఆధారం చూపాల్సిందే.

మాకు మంట ఎక్కడంటే ఈ రెండు నాలుకల దగ్గరే. 2002 నాటి పోటీ చట్టం కింద ఒక కంపెనీ పెత్తనం చెలాయిస్తోందని ఫిర్యాదు వస్తే, కంపెనీల మధ్య పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ మొదట సరుకు ఏది, ప్రాంతం ఏది అని మార్కెట్‌కు హద్దులు గీస్తుంది, వాటా ఆ తర్వాతే. ఇంత శాతం దాటితే పెత్తనమేనని చట్టంలో గీత లేదు. అక్కడ నిలబడితే ఏ కంపెనీ అయినా విడిపాలు, పక్క జిల్లాలు అన్నీ కలిపి మార్కెట్‌ను ఊదిపెట్టి 'మా వాటా ఎంతనీ' అంటుంది. హోర్డింగ్ మీద మాత్రం సగం మాదే! జనానికి ఒక లెక్క, చట్టానికి ఇంకో లెక్కా?

ఇక పాడి రైతు. చిత్తూరు సహకార డెయిరీ 2002లో మూతపడ్డాక పడిన అవస్థ ఇక్కడ ఎవరూ మర్చిపోలేదు. పొద్దున పిండిన పాలు సాయంత్రానికి విరిగిపోతాయి, ఊళ్లో ఉన్నది ఒకే పాల కేంద్రం అయితే జిల్లాలో ఆ కంపెనీ వాటా 10 శాతమే అయినా ఆ రైతుకు అది 100 శాతం. వెన్న శాతం ఎంత చూపిస్తే అంత, ధర ఎంత కడితే అంత. ఈ వాటాను ఏ హోర్డింగ్ మీదా వేయరు.

సర్వే ఆధారంగా అంకె చెబితే మూలం, తేదీ ప్రకటనలోనే ఉండాలని ప్రకటనల రంగం తనకు తానే పెట్టుకున్న ప్రకటనల ప్రమాణాల మండలి (ఏఎస్‌సీఐ) నియమావళిలో ఉంది. నక్షత్రం గుర్తు (*) పెట్టి చీమ తలకాయంత అక్షరాల్లో కాదు, ఆ 'సగం' ఎంత పెద్దగా వేశారో అంతే పెద్దగా రాయండి: ఏ జిల్లా, ఏ నెల, సేకరణా అమ్మకమా, లీటర్లా రూపాయలా. రాయలేకపోతే రేపు పొద్దునకల్లా దించేయండి.