పరీక్ష పాసైంది చాట్‌బాట్, జబ్బు చెప్పుకోవాల్సింది మనం

"చాట్‌బాట్ డాక్టర్ల పరీక్షే పాసైంది. డాక్టర్ కంటే ఓపిగ్గా మాట్లాడుతుంది. లక్షణాలు చెబితే చాలు, జబ్బేంటో చెప్పేస్తుంది. చిన్నాచితకా వాటికి ఇక డాక్టర్ అక్కర్లేదు." ఈ మెసేజ్ తెగ తిరుగుతోంది. ఇందులో ఏ ముక్క ఎంత నిజమో చూద్దాం.

పరీక్ష మాట దాదాపు నిజమే. అమెరికా వైద్య లైసెన్సు పరీక్ష ప్రశ్నలిస్తే చాట్‌జీపీటీకి పాస్ మార్కుల దరిదాపుల్లో వచ్చాయని 2023లో తేలింది. కాకపోతే ఆ ప్రశ్నల్లో వయసు, లక్షణాలు, టెస్టుల ఫలితాలు అన్నీ ముందే సర్ది ఉంటాయి. కడుపునొప్పితో మెలికలు తిరిగేవాడు అలా రాయడు.

ఓపిక సంగతికొస్తే, 2023లోనే ఆన్‌లైన్‌లో డాక్టర్లు 195 ప్రశ్నలకు ఇచ్చిన జవాబులను చాట్‌బాట్ జవాబులతో పోల్చారు. 79 శాతం సార్లు చాట్‌బాట్‌కే ఓటు పడింది. ఓటేసింది వైద్య నిపుణులు, రోగులు కాదు. పైగా డాక్టర్ల జవాబు సగటున 52 మాటలు, చాట్‌బాట్‌ది 211. పోనీ, ఓపిక దానికే ఎక్కువని ఒప్పేసుకుందాం.

అసలు తిరకాసంతా "లక్షణాలు చెబితే చాలు" దగ్గరుంది. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రిటన్‌లో 1,298 మందికి పది కల్పిత కేసులు పంచి, ఏం జబ్బయి ఉంటుందో, ఏం చేయాలో తేల్చమన్నారు. కేసు మొత్తాన్ని నేరుగా ఇచ్చినప్పుడు మోడళ్లు, అంటే చాట్‌బాట్‌లను నడిపే ఏఐ ప్రోగ్రాములు, దాదాపు 95 శాతం సార్లు జబ్బును పట్టుకున్నాయి. అవే మోడళ్లను అడిగి తేల్చుకున్న మామూలు జనం 35 శాతం కూడా దాటలేదు. చాట్‌బాట్ లేకుండా తమకు అలవాటైన పద్ధతిలో వెతుక్కున్నవాళ్ల కంటే వీళ్లేమీ మెరుగ్గా లేరు. కొందరు ముఖ్యమైన లక్షణమే చెప్పలేదు. కొన్నిసార్లు చాట్‌బాట్ జబ్బుకు సరైన పేరు చెప్పినా వీళ్లు పట్టించుకోలేదు. మెదడు చుట్టూ రక్తస్రావమయ్యే కేసులో ఇద్దరు ఇంచుమించు ఒకే లక్షణాలు రాస్తే, ఒకరిని చీకటి గదిలో పడుకోమంది, ఇంకొకరిని వెంటనే ఎమర్జెన్సీకి పరిగెత్తమంది.

ఇక "చిన్నాచితకా". అది చిన్నదని తేల్చేదెవరు? ఉప్పు మానేయాలనుకోవడం చిన్న విషయమే కదా! 2025లో ఒక వైద్య పత్రికలో వచ్చిన కేసు ఇది: అరవై ఏళ్లాయన చాట్‌జీపీటీని సంప్రదించాక, ఉప్పు బదులు మూడు నెలల పాటు సోడియం బ్రోమైడ్ అనే రసాయనం వాడాడు. చివరికి ఆ బ్రోమైడే ఒంట్లో విషమై, మతి భ్రమించి, పక్కింటివాళ్లు తనకు విషం పెడుతున్నారంటూ ఆసుపత్రికి వచ్చాడు. ఆయన చాట్ డాక్టర్లకు దొరకలేదు. ఉప్పులో ఉండే క్లోరైడ్ బదులు ఏం వాడొచ్చని వాళ్లే చాట్‌జీపీటీని అడిగి చూస్తే, జవాబులో బ్రోమైడ్ కూడా వచ్చింది. సందర్భాన్ని బట్టి ఉంటుందని ఓ ముక్క చేర్చింది గానీ, ఎందుకు అడుగుతున్నారని మాత్రం అడగలేదు.