ఆన్‌లే అంటే సగం క్యాప్ కాదు: ఫోన్లలో తిరుగుతున్న ఒక మెసేజ్‌కి జవాబు

కొన్ని నెలలుగా ఒక మెసేజ్ ఫోన్ల మధ్య తిరుగుతోంది. దాన్ని నాకు చూపించి "ఇది నిజమేనా డాక్టర్ గారూ?" అని అడిగేవాళ్ళు వారానికి ఒకరిద్దరైనా ఉంటున్నారు. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ:

"పన్ను పాడైతే ఇన్‌లే, ఆన్‌లే అని డాక్టర్లు చెప్పే మాట నమ్మకండి. ఫిల్లింగ్‌కే పెట్టిన ఖరీదైన పేరు అది. పెద్దగా పుచ్చిన పన్నుకి ముందు రూట్ కెనాల్, తర్వాత పూర్తి క్యాప్, ఇదొక్కటే గట్టి పద్ధతి. ఆన్‌లే అంటే సగం క్యాప్, సగం బలం. జిగురుతో అంటించేది కాబట్టి ఏడాది తిరక్కుండానే ఊడుతుంది. అసలు నొప్పి లేని పన్ను జోలికే వెళ్ళకండి, చిన్న గుంతలు వాటంతటవే పూడిపోతాయి."

నేను దంత వైద్యుణ్ణి. ఇన్‌లేలు, ఆన్‌లేలు, ఫిల్లింగులు, క్యాప్‌లు అన్నీ చేస్తాను, అన్నిటికీ డబ్బు తీసుకుంటాను. కాబట్టి నా మాటని గుడ్డిగా నమ్మమని అడగను. కారణాలు చెబుతాను, అవి నిలబడతాయో లేదో మీరే చూసుకోండి. ఈ మెసేజ్ నమ్మినందువల్ల పోయిన ఒక పన్నుని నా చేతులతోనే తీశాను. అది జరిగాక ఊరుకోబుద్ధి కాలేదు.

మొదటి మాట: "ఫిల్లింగ్‌కే పెట్టిన ఖరీదైన పేరు"

ఈ రోజుల్లో ఎక్కువగా వేసే ఫిల్లింగ్ అంటే, పంటి రంగులో ఉండే కాంపోజిట్ అనే మెత్తటి పదార్థాన్ని గుంతలో పెట్టి, నోట్లోనే లైటుతో గట్టిపరచడం. ఇన్‌లే అలా కాదు. గుంతని శుభ్రం చేశాక దాని కొలత తీసుకుంటారు. ఆ కొలతకి సరిపోయే ముక్కని నోటి బయట బంగారంతోనో, సిరామిక్‌తోనో, కాంపోజిట్‌తోనో తయారు చేసి తెచ్చి పంటికి అతికిస్తారు. నమిలే దంతం పైభాగంలో ఎత్తుగా మొనలు ఉంటాయి కదా, ముక్క వాటి మధ్యలోనే ఇమిడిపోతే ఇన్‌లే. బలహీనపడిన మొనని, ఒకటైనా సరే నాలుగైనా సరే, పైనుంచి కప్పితే ఆన్‌లే.

బయట తయారు చేయడం వల్ల ఒరిగేదేమిటి? కాంపోజిట్ గట్టిపడేటప్పుడు కుంచించుకుంటుంది, ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం. చిన్న గుంతలో పొరలు పొరలుగా వేస్తే ఇది పెద్ద సమస్య కాదు. కానీ గుంత పెద్దదై, చుట్టూ గోడలు పల్చబడ్డ పన్నులో ఆ కుంచించుకోవడమే గోడల్ని లోపలికి లాగుతుంది, లేదంటే అంచు దగ్గర సన్నటి సందు వదులుతుంది. ముక్క బయట తయారైతే కుంచించుకోవడమంతా బయటే అయిపోతుంది. నోట్లో గట్టిపడేది సన్నటి సిమెంటు పొర ఒక్కటే. ఇంకొకటి, పక్క పన్నుకి ఎక్కడ ఎంత బిగువుగా తగలాలో బల్ల మీద పెట్టుకుని సరిచేసినంత బాగా నోట్లో చేయడం కష్టం. ఆ తగలడం వదులైతే తిన్న ప్రతిసారీ ఆహారం ఇరుక్కుంటుంది.

ఇది నిన్నమొన్న పుట్టిన పేరు కూడా కాదు. మైనంతో అచ్చు తీసి బంగారాన్ని పోతపోసి ఇన్‌లే చేసే పద్ధతిని అమెరికా దంత వైద్యుడు విలియం టాగర్ట్ 1907లో దంత వైద్యుల ముందు పెట్టాడు. జ్యూరిక్ విశ్వవిద్యాలయంలో దంత వైద్యుడు మోర్మాన్, ఇంజనీరు బ్రాండెస్టినీ కెమెరాతో కొలత తీసి, పక్కనే ఉన్న యంత్రంతో సిరామిక్ ఇన్‌లే చెక్కించి, రోగి కుర్చీ దిగకముందే అతికించింది 1985లో.

అయితే మెసేజ్‌లో ఈ మాట వెనక ఉన్న అనుమానం పూర్తిగా అన్యాయమైనది కాదు, అది ఒప్పుకోవాలి. చిన్న, మధ్యరకం గుంతల్లో మంచి కాంపోజిట్ ఫిల్లింగ్ దాదాపు ఇన్‌లే అంత బాగానే పనిచేస్తుంది. మినపగింజంత గుంతకి ఇన్‌లే అంటే "ఫిల్లింగ్ ఎందుకు సరిపోదు?" అని నిలదీసి అడగండి. అడిగే హక్కు మీకుంది, చెప్పాల్సిన బాధ్యత మాది.

రెండో మాట: "సగం క్యాప్, సగం బలం"

అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ మాటే. వినడానికి లెక్క సరిగ్గా ఉన్నట్టే ఉంటుంది: ఎక్కువ కప్పితే ఎక్కువ బలం. కానీ క్యాప్ వేయడానికి పంటికి ముందు ఏం చేస్తామో ఆ లెక్కలో లేదు.

పూర్తి క్యాప్ తొడగాలంటే పన్ను చుట్టూరా, పైనా అరగదీయాలి. పుచ్చిన వైపే కాదు, నిక్షేపంగా ఉన్న వైపు కూడా. నమిలే దంతాల్లో ఒక్కో పద్ధతికి చిగురు పైన కనిపించే పన్నులో ఎంత పోతుందో తూచి చూసిన పరిశోధన 2002లో వచ్చింది. పూర్తి క్యాప్‌కి ఆ భాగంలో సుమారు 67 నుంచి 75 శాతం పోయింది. ఇన్‌లే రకాలకి పోయింది దాదాపు 5 నుంచి 27 శాతం. ఆన్‌లేకి మొనలు తగ్గించాలి కాబట్టి అంతకన్నా ఎక్కువే పోతుంది, అయినా క్యాప్‌కి పోయేదానికి చాలా దూరం. బలమైన తొడుగు వేశామని సంతోషిస్తాం కానీ, లోపల మిగిలేది పావు వంతో, మూడో వంతో పన్ను. దెబ్బ తగిలితే చాలాసార్లు క్యాప్ పగలదు. దాని కింద ఉన్న మొద్దు చిగురు దగ్గర విరుగుతుంది. క్యాప్ చెక్కుచెదరకుండా చేతిలో పెట్టుకుని, లోపల విరిగిన పన్నుతో సహా తెచ్చి చూపించేవాళ్ళని ప్రతి దంత వైద్యుడూ చూసి ఉంటాడు.

మరి పన్నుకి బలం ఎక్కడినుంచి వస్తుంది? 1989లో ప్రచురితమైన ఒక ప్రయోగం నా చదువు రోజుల్లో నా ఆలోచనే మార్చింది. తీసిన దంతాల మీద ఒక్కో పనీ చేస్తూ, ఒక్కోసారి బిగువు ఎంత తగ్గిందో కొలిచారు. రూట్ కెనాల్ కోసం దారి తవ్వితే తగ్గింది సుమారు 5 శాతం. నమిలే తలం మీద మధ్యలో గుంత చేస్తే 20 శాతం. రెండు పక్కల గట్లూ తెగేలా, ఈ చివర నుంచి ఆ చివరకి గుంత చేస్తే 63 శాతం. అంటే పన్నుని కట్టిపడేసేది ముందూ వెనకా పక్క పళ్ళకి తగిలే చోట ఉన్న ఆ రెండు గట్లు. కుండకి అంచు ఎలాగో పన్నుకి అవి అలాగ. అవి తెగితే, లోపలి మొనలూ బయటి మొనలూ విడివిడిగా నిలబడ్డ గోడలవుతాయి. నమిలిన ప్రతిసారీ కొద్దిగా విచ్చుకుంటాయి.

ఆ గోడల మధ్య ఉత్త ఫిల్లింగ్‌నో ఇన్‌లేనో బిగిస్తే, కట్టె చీల్చేటప్పుడు మధ్యలో దింపే ఇనప చీలలా పనిచేసే ప్రమాదం ఉంది. ఆన్‌లే పుట్టింది ఇందుకే. అది మొనల నెత్తిన కూర్చుంటుంది. నమిలే ఒత్తిడి గోడల్ని విడదీయకుండా కిందికి, పంటి వేర్ల వైపు దిగుతుంది. మొన మీద మిల్లీమీటరున్నర నుంచి రెండు మిల్లీమీటర్ల మందం దొరికితే మంచి సిరామిక్‌కి చాలు. పక్క గోడల్ని, మెడ భాగాన్ని ముట్టుకోనవసరం లేదు. దాని అంచు చాలాసార్లు చిగురుకి పైనే ఆగుతుంది, బ్రష్‌కి అందుతుంది, చిగురు వాచే అవకాశం తక్కువ.

క్యాప్ అవసరమయ్యే పళ్ళు లేవా అంటే, ఉన్నాయి. చుట్టూ గోడలు మిగలని పన్ను, అతికించడానికి ఎనామెల్ (పంటి మీది గట్టి పొర) అంచు లేని పన్ను, ఇదివరకే క్యాప్ వేసి ఉన్న పన్ను. వీటికి నేనే క్యాప్ చెబుతాను. కానీ మూడు మొనలు గట్టిగా ఉండి ఒకటి విరిగిన పన్నుని, "ఎందుకైనా మంచిది" అని చుట్టూరా చెక్కేయడం నాకు మనసొప్పదు. ఆన్‌లే రేపు విఫలమైతే క్యాప్‌కి దారి ఉంటుంది. ఈరోజే క్యాప్‌కి చెక్కేసిన పన్నుని వెనక్కి తెచ్చే దారి లేదు.

మూడో మాట: "ముందు రూట్ కెనాల్ తప్పదు"

దీనికి ఎక్కువ మాటలు అక్కర్లేదు. రూట్ కెనాల్ చేసేది లోపలి గుజ్జు, జనం నరం అనేది, చచ్చిపోయినప్పుడు లేదా కోలుకోలేనంతగా వాచినప్పుడు. గుంత పెద్దదవడం ఒక్కటే కారణం కాదు. చల్లటిది తగిలించి చూస్తే, జివ్వుమని వెంటనే తగ్గిపోయే పన్నుకి చాలాసార్లు నరం బాగానే ఉంటుంది. నిమిషాల తరబడి సలుపుతూ ఉంటే, రాత్రి నిద్రలో లేపితే, అది వేరే కథ. బతికున్న గుజ్జు లోపలి వైపు నుంచి కొత్త డెంటిన్ (ఎనామెల్ కింద ఉండే పదార్థం) పొర వేసుకుంటూ తనని తాను కాపాడుకుంటుంది. దాన్ని ఊరికే తీసేయడం సేవ కాదు. నిజంగానే రూట్ కెనాల్ అయిన పన్నుకైనా, గోడలు తగినంత మిగిలితే ఆన్‌లే కుదురుతుంది. మొనల్ని కప్పడం ముఖ్యం, చుట్టూ చెక్కడం కాదు.

నాలుగో మాట: "జిగురు కాబట్టి ఏడాదిలో ఊడుతుంది"

జిగురు అనగానే కాగితాలు అంటించేది గుర్తొస్తుంది. ఇక్కడ జరిగేది అది కాదు. 1955లో మైకేల్ బ్యూనకోర్ ఎనామెల్‌ని ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొద్ది సెకన్లు తడిపితే దానికి రెసిన్ అనే ప్లాస్టిక్ లాంటి పదార్థం ఎంత గట్టిగా పట్టుకుంటుందో చూపించాడు. ఆమ్లం ఎనామెల్ మీద కంటికి కనిపించనంత సన్నటి గుంటలు చేస్తుంది. ద్రవంగా ఉన్న రెసిన్ వాటిలోకి దిగి, గట్టిపడి, వేలాది చిన్న కొక్కేల్లా పట్టేస్తుంది. సిరామిక్ ముక్క లోపలి తలానికి కూడా నోటి బయట హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో ఇలాంటి గుంటలే చేసి, సైలేన్ అనే రసాయనం పూస్తారు. మధ్యలో రెసిన్ సిమెంటు. పన్ను, సిమెంటు, సిరామిక్ మూడూ కలిసి ఒకే ముక్కలా ఒత్తిడిని మోస్తాయి.

ఎంతకాలం నిలుస్తాయి? వేల సంఖ్యలో ఇన్‌లేలు, ఆన్‌లేల మీద వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కగట్టిన సమీక్ష 2016లో వచ్చింది. సిరామిక్‌వి 5 ఏళ్ళకి 92 నుంచి 95 శాతం, 10 ఏళ్ళకి 91 శాతం నిలిచి ఉన్నాయి. పాడైనవాటిలో ఎక్కువ పగుళ్ళు, పెచ్చులూడడం వల్ల, సుమారు 4 శాతం. నరం సమస్యలు 3 శాతం. ఊడిపోవడం? ఒక్క శాతం. మెసేజ్ దేన్ని చూపించి భయపెడుతోందో అదే అన్నిటికన్నా తక్కువగా జరిగేవాటిలో ఉంది.

మరి "మా బంధువుకి ఊడింది" అన్న మాటలో అబద్ధం లేకపోవచ్చు. అంటించేటప్పుడు ఉమ్మి తడి తగిలితే పట్టు పోతుంది. అందుకే పన్ను చుట్టూ రబ్బరు డ్యామ్ కడతాం. ఆ పలచటి రబ్బరు షీటు 1864 నుంచి వాడుకలో ఉంది, ఇప్పటికీ దానికి సాటి లేదు. అంచు చిగురు కిందికి లోతుగా వెళ్ళి ఎనామెల్ లేకపోతే కూడా పట్టు తగ్గుతుంది. రాత్రిళ్ళు పళ్ళు కొరికేవాళ్ళకి సిరామిక్ పగిలే అవకాశం ఎక్కువ, వాళ్ళకి బంగారమో, రాత్రి పెట్టుకునే గార్డో ఆలోచించాలి. ఇంకా, ఊడిందని వచ్చేవాళ్ళలో కొందరికి ఊడింది అసలు ఆన్‌లే కానే కాదు, అది ల్యాబ్ నుంచి వచ్చేదాకా పెట్టిన తాత్కాలిక ముక్క. అది తేలిగ్గా తీసేందుకే వదులుగా పెడతాం. ఆ రోజుల్లో జిగటవి నమలకండి, పళ్ళ మధ్య శుభ్రం చేసే దారాన్ని, అంటే ఫ్లాస్‌ని, పైకి లాగకుండా పక్కనుంచి తీయండి. అయినా ఊడితే టెన్షన్ పడకండి, ఆలస్యం మాత్రం చేయకండి. అసలుది అతికించాక కొరికినప్పుడు ఎత్తుగా తగిలితే "అలవాటవుతుందిలే" అని ఊరుకోవద్దు. ఐదు నిమిషాల్లో సరిచేసే పని అది, వదిలేస్తే పగులు పెట్టేది కూడా అదే.

చివరి మాట: "నొప్పి లేకపోతే జోలికి వెళ్ళకండి, అదే పూడిపోతుంది"

ఎనామెల్‌ని తయారు చేసే కణాలు పన్ను నోట్లోకి వచ్చేలోగానే అంతరించిపోతాయి. ఆ తర్వాత ఎనామెల్ మళ్ళీ పుట్టదు. గుంత పడకముందు, ఉపరితలం ఇంకా తెగకుండా తెల్లటి మచ్చగా ఉన్న దశలో మాత్రం ఫ్లోరైడ్, లాలాజలం సాయంతో ఖనిజాలు తిరిగి చేరతాయి. బహుశా ఈ నిజాన్నే ఎవరో సాగదీసి మెసేజ్‌లో పెట్టారు. గుంత పడ్డాక అది పూడదు, విరిగిన మొన మొలవదు. నొప్పి లేకపోవడం భరోసా కూడా కాదు. పుచ్చు గుజ్జుకి దగ్గరయ్యేదాకా చాలామందికి ఏమీ తెలియదు.

ఈ మెసేజ్ వల్ల పోయిన ఒక పన్నుని నేనే తీశానని మొదట్లో అన్నాను కదా, దాని సంగతి ఇదీ. కింది దవడలో మొదటి పెద్ద దంతం. పాత ఫిల్లింగ్ చుట్టూ లోపలి వైపు మొన విరిగింది. నొప్పి లేదు. పరీక్షిస్తే నరం బాగుంది, మిగతా మొనలు బాగున్నాయి, ఆన్‌లేకి ఇంతకన్నా అనువైన పన్ను ఉండదు. కొలత తీసే రోజు ఆవిడ రాలేదు. ఈ మెసేజ్ చూశానని, నొప్పి వస్తే వస్తానని ఫోన్‌లో చెప్పారు. ఎనిమిది నెలల తర్వాత, అన్నం తింటుండగా టక్కుమని చప్పుడైందని వచ్చారు. మధ్య నుంచి నిలువునా చీలింది, చీలిక రెండు వేర్ల మధ్యకి దిగిపోయింది. అతికించడానికి గానీ, క్యాప్ వేయడానికి గానీ ఏమీ మిగల్లేదు. "ఇప్పుడు ఆ ఆన్‌లే వేయండి డాక్టర్ గారూ" అని అడిగారు. ఎక్స్‌రే చూపించి కుదరదని చెప్పాను. మత్తు ఇచ్చి రెండు ముక్కలుగా తీశాను. ట్రేలో పెట్టి చూస్తే రెండు వేర్లూ ఆరోగ్యంగా ఉన్నాయి.