అరసవల్లి పిల్లలకు నవంబరు చీకటి

మొన్న సంక్రాంతికి శ్రీకాకుళం వెళ్లినప్పుడు మా వీధిలోని ఒక తల్లి, డెట్రాయిట్‌లో ఎం.ఎస్. చదువుతున్న కొడుకు గురించి చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. "ఎప్పుడు ఫోను చేసినా తొంగునే ఉంటున్నాడు బాబూ, ఇక్కడుండగా ఇంత బద్దకం నేదు" అన్నారు. దీపావళి వెళ్లిన దగ్గరినుంచీ ఇంటిల్లిపాదీ ఆ పిల్లవాణ్ణి మందలిస్తూనే ఉన్నారట.

అది బద్ధకం కాకపోవచ్చునని ఆమెతో అన్నాను. చలికాలంలో మొదలై వసంతంలో తగ్గిపోయే కుంగుబాటును అమెరికా మానసిక వైద్యుడు నార్మన్ రోసెంథాల్ బృందం 1984లోనే వైద్యలోకానికి వివరించింది. కుంగుబాటు అనగానే నిద్ర పట్టకపోవడం, అన్నం సహించకపోవడం మనకు గుర్తొస్తాయి. ఇందులో చాలామందికి అందుకు భిన్నంగా అతినిద్ర, అన్నం మీదా తీపి మీదా యావ, నలుగురిలోకి వెళ్లబుద్ధి కాకపోవడం కనిపిస్తాయి కనుకనే, దూరాన ఉన్న పెద్దలు దీన్ని జబ్బుగా కాక సోమరితనంగా పొరబడతారు.

డిసెంబరులోని అతి చిన్న పగలు కూడా శ్రీకాకుళంలో సుమారు 11 గంటలుంటుంది. డెట్రాయిట్‌లో అది 9 గంటలే, అందులోనూ మబ్బు పట్టిన రోజులే ఎక్కువ. ఉదయపు వెలుగు అందక ఒంటిలోని గడియారం గాడి తప్పడమే దీనికి ముఖ్యకారణమని పరిశోధకులు అనేకులు భావిస్తారు. రథసప్తమికి తెల్లవారకముందే అరసవల్లిలో వరుసకట్టే ఊరివాళ్లకు ఈ సంగతి అర్థం చేయించడం కష్టమేమీ కాదు.

అమెరికాలోని మన సంఘం ఆగస్టులో వచ్చే విద్యార్థులకు ఎదురువెళ్లి బియ్యం, కుక్కరు సమకూర్చుతుంది. నవంబరులో, చలికాలపు వేళల కోసం గడియారాలు గంట వెనక్కి తిప్పిన వారంలో, వాళ్ల తలుపు మళ్లీ తట్టాలని నా విన్నపం. అందని ఉదయపు వెలుగుకు బదులుగా, లేవగానే అరగంట పాటు ఎదుట ఉంచుకునే 10,000 లక్సుల (లక్సు అంటే వెలుతురు కొలత) దీపాలను కొన్ని కొని, డాక్టరు సలహాతో వాడుకునేలా అరువివ్వవచ్చు. బతకాలని లేదన్న మాట వినిపిస్తే మాత్రం దీపాలతో కాలయాపన చేయకుండా వెంటనే అమెరికాలోని ఆత్మహత్యల నివారణ సహాయవాణి 988కు ఫోన్ చేయించాలి. ఊళ్లో దిగులుపడే తల్లిదండ్రులకు భారత ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ 14416 ఉంది.

ఆ తల్లి రోజూ ఉదయం 6:30కు ఫోన్ చేసేవారు. అక్కడ అది ముందురోజు రాత్రి 8 గంటలు. ఇప్పుడు సాయంత్రం 7కు, అంటే అక్కడి ఉదయం 8:30కు చేసి, ఆరుబయట నడుస్తూ మాట్లాడమని కొడుకును అడుగుతున్నారు.